జీన్ థెరపీ చేయిస్తే కీమో ఆపేయొచ్చా?

మీరు రాసిందాన్ని కుదిస్తే ఇదీ సంగతి. దేవరకొండ దగ్గర ఊరు. నాన్నగారికి 54 ఏళ్లు. మెడ పక్కన గడ్డ లేస్తే బయాప్సీ చేయించారు, డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల్లో వేగంగా పెరిగే ఒక రక్త క్యాన్సర్, అన్నారు. ఆర్-చాప్ అనే మొదటి రకం కీమో ఆరు సైకిళ్లు అయ్యాయి, స్కాన్ బాగుంది. ఎనిమిది నెలలు తిరగకుండానే మళ్లీ గడ్డ. ఇప్పుడు చూస్తున్న డాక్టర్లు వేరే రకం కీమో మొదలుపెడదాం అంటున్నారు. మీ మేనమామ మాత్రం "పట్నంల జీన్ థెరపీ చేస్తున్నరట, ఒక్క సూదే, కీమో గీమో ఏం అక్కర్లేదు" అని ఒక క్లినిక్ కార్డు తెచ్చారు. అక్కడికి ఫోన్ చేస్తే నాలుగు లక్షలు కట్టి రమ్మన్నారు. కీమో ఆపేసి అక్కడికి వెళ్లాలా, రెండూ కలిపి చేయించొచ్చా అన్నది మీ ప్రశ్న.

కీమో ఆపకండి. ఆ క్లినిక్‌కు రూపాయి కూడా కట్టకండి. ఈ రెండూ ఇవాళే తేల్చుకోవాల్సినవి కాబట్టి ముందు రాశాను. మిగతాది నాన్నగారి రిపోర్టులు పక్కన పెట్టుకుని నిదానంగా చదవండి.

నేను రక్త క్యాన్సర్లు చూసే డాక్టర్ని. వారమంతా హైదరాబాద్‌లో పని, శనివారం నల్గొండలో ఓపీ. ఈ మధ్య శనివారం వచ్చిందంటే ఒక్కరైనా "సారూ, గీ జీన్ థెరపీ మనకు పడ్తదా?" అని అడగకుండా ఉండరు. వాళ్లు తెచ్చిన కాగితాలు చూపించమంటాను. ఎందుకంటే ఆ ఒక్క పేరు మీద మూడు వేరు వేరు సంగతులు ఊళ్లలో తిరుగుతున్నాయి. ఒకటి జీన్ టెస్ట్. గడ్డ ముక్కలో ఏ జన్యువు చెడిందో ల్యాబ్‌లో చూస్తారు. అది పరీక్ష, వైద్యం కాదు. రెండోది ఆ పరీక్షను బట్టి ఎంచుకునే మందు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో తేడా ఉంటే ఇచ్చే మాత్రలు, రొమ్ము క్యాన్సర్‌లో హర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటే ఇచ్చే ట్రాస్టుజుమాబ్ ఇలాంటివే. మంచి మందులు, కానీ ఇవి జన్యువును మార్చవు. మూడోదే అసలు జీన్ థెరపీ, అంటే పనిచేసే ఒక జన్యువును కణం లోపలికి పంపడం. దాన్ని మోసుకెళ్లేది మామూలుగా ఒక వైరస్. రోగం తెచ్చే గుణాన్ని తీసేసి, మనకు కావాల్సిన జన్యువును అందులో పెడతారు.

మీరు అడిగిన "రెండూ కలపడం" కొత్త ఆలోచనేమీ కాదు. అది ఎందుకు పుట్టిందో తెలియాలంటే కీమో కణాన్ని ఎలా చంపుతుందో కాస్త చూడాలి. చాలా కీమో మందులు కణంలోని డీఎన్‌ఏను గాయపరుస్తాయి. ఎక్కువ సార్లు ఆ గాయం నేరుగా చంపదు. గాయాన్ని గమనించి "ఇక నువ్వు బతకొద్దు" అని కణానికి లోపలి నుంచే ఆజ్ఞ వెళ్లాలి. ఆ ఆజ్ఞ ఇచ్చేవాటిలో పెద్ద తలకాయ పి53 అనే ప్రోటీన్, 1979లో బయటపడింది. దాదాపు సగం క్యాన్సర్లలో దాని జన్యువే చెడిపోయి ఉంటుంది. అలాంటి చోట మనం కీమోతో ఎంత గాయం చేసినా ఆజ్ఞ ఇచ్చేవాడు ఉండడు, కణం కుంటుకుంటూనే పెరుగుతుంది. మరి మంచి పి53 జన్యువును వైరస్‌తో లోపలికి పంపి, ఆపైన కీమోనో రేడియేషనో ఇస్తే? చైనా 2003లో తల, మెడ క్యాన్సర్లకు సరిగ్గా ఇలాంటి మందునే అనుమతించింది. పేరు జెండిసిన్, రేడియేషన్‌తో కలిపి వాడారు. రెండేళ్లకు, 2005లో, ఓంకోరిన్ అనే ఇంకో వైరస్ మందు వచ్చింది. ఇది క్యాన్సర్ కణాల్లో పెరిగి వాటిని పగలగొట్టేలా మలచిన వైరస్. దీన్ని కీమోతో కలిపే ఇవ్వాలి. పరీక్షల్లో వైరస్, కీమో కలిపి ఇచ్చినవాళ్లలో నూటికి 79 మందికి గడ్డ తగ్గితే, కీమో మాత్రమే ఇచ్చినవాళ్లలో 40 మందికి తగ్గింది.

చదవగానే కళ్లు మెరిసే లెక్క. కానీ గడ్డ తగ్గడం వేరు, మనిషి ఎక్కువ కాలం బతకడం వేరు. ఆ పరీక్షలు రెండోదాన్ని చూపించలేదు. ప్రపంచం వాటి వెంట పడకపోవడానికి అదో కారణం. ఇంకో కారణం మీరే ఊహించగలరు. ఈ వైరస్‌ను సూదితో గడ్డలోకే ఎక్కించాలి. సూది అందే చోట పనిచేస్తుంది. కాలేయంలో నాలుగు, ఊపిరితిత్తుల్లో ఆరు ఉన్నవాళ్లకు ఎన్ని చోట్ల పొడుస్తాం? పైగా మన ఒంటికి వైరస్ అంటే శత్రువే. మొదటిసారి చూసి గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి గడప దాటనివ్వదు.

కీమో మందును గడ్డలోనే తయారు చేయిద్దామని ఇంకో దారి కూడా పట్టారు. నాకు బాగా నచ్చిన ఆలోచన అది. ఫంగస్‌కు వాడే ఫ్లూసైటోసిన్ అనే మాత్ర ఉంది, మన కణాలకు పెద్దగా హాని చేయదు. దాన్ని 5-ఎఫ్‌యూ అనే కీమో మందుగా మార్చే ఎంజైమ్ జన్యువును గడ్డలోకి పంపితే, మాత్ర ఒళ్లంతా తిరిగినా విషమయ్యేది గడ్డలోనే. జుట్టు రాలదు, నోరు పూయదు. మెదడు క్యాన్సర్ మీద పెద్ద పరీక్ష చేశారు. 2019లో ఫలితం వచ్చింది, మామూలు వైద్యం కంటే మేలు కనిపించలేదు. ఆ రోజు నేను నిజంగా నిరుత్సాహపడ్డాను.

ఇక మీ నాన్నగారికి సంబంధించిన అసలు విషయానికి వస్తాను. లింఫోమాలో ఈ రోజు మన దేశంలో అనుమతి ఉన్న జీన్ థెరపీ ఒకటుంది: కార్-టి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్ల కృషితో తయారైన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా మొదలైంది. 2025లో బెంగళూరు కంపెనీ ఒకటి కార్టెమీ పేరుతో ఇంకోటి తెచ్చింది. ఇందులో జన్యువును గడ్డలోకి పంపరు. రోగి రక్తంలోంచి టీ కణాలను, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్త కణాలను, తీసి, ల్యాబ్‌లో వాటికి ఒక కొత్త జన్యువు ఎక్కించి, లింఫోమా కణం మీద ఉండే సీడీ19 అనే గుర్తును పట్టుకునేలా చేసి, మళ్లీ ఒంట్లోకి వదులుతారు. అంటే తుపాకీ మనదే, గురి మాత్రం కొత్తగా నేర్పిస్తారు.

మీ మేనమామ అన్నట్టు చివర్లో ఇచ్చేది ఒక్క సూదే, అది నిజం. ఆ సూదికి ముందు రెండు మూడు చోట్ల కీమో ఉందన్న సంగతే ఆయనకు ఎవరూ చెప్పలేదు.

వరసగా చెబుతాను. ముందు కణాలు తీయాలి. రెండు చేతులకూ, లేదా మెడ దగ్గర ఒక లైన్ పెట్టి, మెషీన్‌కు కలుపుతారు. రక్తం ఒక వైపు వెళ్తూ ఇంకో వైపు వస్తూ ఉంటుంది. మూడు నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. మధ్యలో పెదాల చుట్టూ చీమలు పాకినట్టు అనిపిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు వల్ల కాల్షియం తగ్గడమే కారణం, వెంటనే సిస్టర్‌కు చెబితే కాల్షియం ఇస్తారు. అంతసేపు పడుకున్నాక పైన వేలాడే చిన్న సంచీ చూసి పాలమూరు వైపు రైతు ఒకాయన "గింతేనా సారూ, గింత దానికేనా గింత కథ?" అన్నాడు. ఆ సంచీలోని టీ కణాలు ఎంత ఆరోగ్యంగా ఉంటే రేపటి మందు అంత బాగుంటుంది. అందుకే అంతకుముందు ఏ కీమో ఎప్పుడు పడిందన్నది చాలా ముఖ్యం. ఉదాహరణకు బెండమస్టిన్ అనే మందు లింఫోమాకు బాగానే పనిచేస్తుంది, కానీ టీ కణాలను చాలా నెలలపాటు నీరసపరుస్తుంది. కార్-టికి వెళ్లే ఆలోచన ఉంటే ఆ మాట మీ డాక్టర్‌కు ఇప్పుడే చెప్పాలి, మందు పడ్డాక కాదు. స్టెరాయిడ్లు కూడా కణాలు తీసే ముందు కొన్ని రోజులు ఆపుతారు.

సంచీ ఫ్యాక్టరీకి వెళ్తుంది. తయారై రావడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఎక్కువే పడుతుంది. మీ నాన్నగారిది వేగంగా పెరిగే రకం, అన్ని రోజులు చేతులు కట్టుకుని కూర్చోదు. అందుకని మధ్యలో కీమోతో దాన్ని అదుపులో పెడతారు. మేము బ్రిడ్జింగ్ అంటాం. ఇక్కడ కీమోకు గడ్డను పూర్తిగా కరిగించే బాధ్యత లేదు, పెరగనివ్వకపోతే చాలు. కార్-టి ఎక్కించే రోజుకు గడ్డ ఎంత చిన్నగా ఉంటే తర్వాత వచ్చే తిప్పలు కూడా అంత తక్కువ.

మందు తయారై వచ్చాక, ఎక్కించే ముందు మూడు రోజులు మళ్లీ కీమో, ఫ్లూడారాబిన్, సైక్లోఫాస్ఫమైడ్. ఇంటివాళ్లు గొడవకు దిగేది ఇక్కడే. "కీమో వద్దనుకునే కదా ఇంత దూరం వచ్చినం, మళ్లా కీమోనా?" అంటారు. ఈ మూడు రోజులది క్యాన్సర్‌ను చంపే పని కాదు. ఒంట్లో ఉన్న పాత లింఫోసైట్లను (టీ కణాల్లాంటి తెల్ల రక్త కణాలు) తగ్గించి చోటు చేసే పని. కొత్త కణాలు పెరగడానికి అవసరమైన పోషక సంకేతాలను పాత కణాలే తినేస్తుంటాయి. వాటిని తగ్గిస్తే కొత్తవి వేళ్లూనుకుంటాయి. మిర్యాలగూడ వైపు వాళ్లయితే నేను దమ్ము చేయకుండా నాటు వేస్తారా అని అడుగుతాను, ఇంకేం చెప్పక్కర్లేదు. ఈ కీమో లేకుండా కార్-టి ఎక్కిస్తే ఆ కణాలు సరిగా పెరగక ఖర్చంతా వృథా అయ్యే ప్రమాదం ఎక్కువ. కాబట్టి "కీమో లేని జీన్ థెరపీ" అని ఎవరైనా లింఫోమాకు అమ్ముతుంటే, వాళ్లకు కార్-టి గురించి తెలియదు, లేదా వాళ్లు ఇస్తున్నది కార్-టి కాదు.

ఎక్కించడం మాత్రం చప్పగా ఉంటుంది. గడ్డకట్టిన సంచీని గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, అరగంటలోపు ఎక్కించేస్తారు. కణాలు చలికి చావకుండా కలిపే రసాయనం వల్ల గదంతా వెల్లుల్లి వాసన కొడుతుంది. అంతే. అసలు టెన్షన్ తర్వాతి రెండు వారాలు. కొత్త కణాలు లింఫోమా మీద పడ్డప్పుడు ఒంట్లో మంట లేచి జ్వరం, బీపీ పడిపోవడం, ఆయాసం రావచ్చు. ఆ మంటను అణచే టోసిలిజుమాబ్ అనే మందు దగ్గర పెట్టుకునే మొదలుపెడతాం. ఇంకోటి మెదడు మీద వచ్చే ప్రభావం. దాన్ని తొందరగా పట్టుకోవడానికి రోజూ ఒక చిన్న పరీక్ష ఉంటుంది: ఏ ఊరు, ఏ నెల అని అడుగుతాం, నూరు నుంచి పది పది తగ్గిస్తూ లెక్కపెట్టమంటాం, ఒక వాక్యం రాయమంటాం. ఇందాకటి పాలమూరు రైతు రోజూ ఒకే వాక్యం రాసేవాడు, "మాది అచ్చంపేట, నాకు ఇద్దరు బిడ్డలు" అని. ఆరో రోజు పొద్దున "మాది అచ్చం" దాకా గీత మీదే ఉంది, ఆ తర్వాత అక్షరాలు కిందికి జారిపోయి ముద్ద అయ్యాయి. ఆయన మాత్రం బాగానే రాశానంటున్నాడు, నవ్వుతున్నాడు కూడా. ఆ కాగితం చూసే స్టెరాయిడ్ మొదలుపెట్టాం. రెండు రోజులకు అచ్చంపేట మళ్లీ గీత మీదికి వచ్చింది. ఇప్పటికీ బాగున్నాడు, మొన్న పల్లీలు సంచీడు తెచ్చి టేబుల్ మీద పెట్టి వెళ్లాడు. అదే నెలలో అదే మందు తీసుకున్న ఇంకొకతనికి మూడో నెలకే తిరగబెట్టింది. ఇద్దరినీ చూసినవాణ్ని కాబట్టి నేను గ్యారంటీ అన్న మాట వాడను. నెక్స్‌కార్19 పరీక్షల్లో నూటికి 73 మందిలో స్పందన కనిపించింది. స్పందన అంటే గడ్డ తగ్గడమో పోవడమో, నయం అని కాదు.

ఎక్కించాక నెల రోజులు ఆస్పత్రికి రెండు గంటల లోపు దూరంలో ఉండాలంటాం. దేవరకొండ నుంచి రెండు రెండున్నర గంటలే కదా అనుకోకండి. అర్ధరాత్రి జ్వరం వచ్చి మాల్ దాటి ఇబ్రహీంపట్నం వచ్చేలోపు బీపీ పడిపోతే కారులో మీరేం చేయలేరు. హైదరాబాద్‌లోనే గది తీసుకోండి. పక్కన ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. ఆ తర్వాత కూడా నెలల తరబడి కౌంట్స్, అంటే రక్త కణాల సంఖ్య, తక్కువగా ఉండొచ్చు. 100.4 జ్వరం వచ్చిందంటే డోలో వేసి చూద్దాం అనుకోకుండా ఫోన్ చేయాలి.

డబ్బు సంగతి. అమెరికాలో 2017లో మొదటి కార్-టి ధర 4,75,000 డాలర్లు. మన దగ్గరిది దాదాపు 40 లక్షలు, ఆస్పత్రి ఖర్చులు పైన. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆ రెండు అంకెల మధ్య దూరం మీకే కనిపిస్తుంది. అందుకే మా దగ్గర తిరగబెట్టిన లింఫోమాకు ఇప్పటికీ ఎక్కువ మందికి నడిచే దారి వేరు: రెండో రకం కీమో రెండు మూడు సైకిళ్లు, గడ్డ లొంగితే సొంత మూలకణాలతో మార్పిడి. మీ డాక్టర్లు చెబుతున్న "వేరే కీమో" బహుశా ఇదే. ఏడాది లోపే తిరగబెట్టినవాళ్లలో ఈ దారి కంటే కార్-టి మెరుగని విదేశీ పరీక్షలు రెండు చూపించాయి, అది నిజం. అయినా పొలం బేరం పెట్టే ముందు ఒక్క పని చేయండి. మార్పిడికి నాన్నగారు సరిపోతారా, కీమోకు గడ్డ ఎలా స్పందిస్తోంది, ఆరోగ్యశ్రీలో ఏది వస్తుంది, సీఎం సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చుకు ఆస్పత్రికి ఇచ్చే హామీ పత్రం) దొరుకుతుందా అని ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను, సోషల్ వర్కర్‌ను కలిసి కాగితం మీద లెక్క రాయించుకోండి. రెండో అభిప్రాయం కావాలంటే నిమ్స్ ఉంది, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. సిగ్గుపడాల్సిన పనేం లేదు, డాక్టర్లు కూడా ఏమీ అనుకోరు.

నాలుగు లక్షల క్లినిక్ విషయం మళ్లీ. సూర్యాపేట వైపు ఒకామె రొమ్ము క్యాన్సర్‌కు నాలుగు సైకిళ్లయ్యాక ఇలాంటి చోటికే వెళ్లింది, పేరు ఎందుకులెండి. ఐదు నెలలకు నా దగ్గరికి వచ్చింది, అప్పటికి కాలేయంలోకి పాకింది. వాళ్లిచ్చిన బిల్లు చూశాను. "సెల్ థెరపీ" అని ఒక లైను, మొత్తం, సంతకం. మందు పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు. మన దేశంలో జీన్ థెరపీ మందు అమ్మాలంటే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి. ఇంకా పరీక్షలో ఉన్న మందైతే సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో నంబర్ ఉండాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న తెలుగు సమ్మతి పత్రం మీ చేతికి ఇవ్వాలి, పరీక్షిస్తున్న ఆ మందుకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఫోన్ చేసి ఆ నంబర్ అడగండి చాలు, వాళ్ల గొంతు మారడం మీకే తెలుస్తుంది. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

నోటి క్యాన్సర్, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ ఉన్న చుట్టాల గురించి కూడా చివర్లో అడిగారు. తంబాకు, గుట్కాల పుణ్యమా అని మన వైపు మొదటిది బాగా ఎక్కువ. అలాంటి గట్టి గడ్డలకు మన దగ్గర ఇప్పుడు దొరికే కార్-టి పనికిరాదు. వాళ్లకు సర్జరీ, రేడియేషన్, కీమోనే.

కీమో అంటే పరాయి విషం అని మీ మేనమామ అంటే ఒక మాట చెప్పండి. 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చిన అమినోప్టెరిన్, దాని తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్, రెండూ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన ల్యాబ్ నుంచి వచ్చినవే. మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ మా డే కేర్‌లో వాడుతూనే ఉన్నాం.

ఇప్పుడు చేయాల్సింది: తిరగబెట్టిన గడ్డకు మళ్లీ బయాప్సీ చేశారో లేదో కనుక్కోండి, చేయకపోతే చేయమని అడగండి. సీడీ19 ఉందో లేదో దాని రిపోర్టులోనే తెలుస్తుంది. పాత ఆర్-చాప్ కార్డు, రెండు పెట్ స్కాన్లు, గుండె ఎకో, హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్-బి పరీక్ష) రిపోర్టు ఒక కవర్లో పెట్టండి. రాబోయే సైకిల్‌లో ఏ మందులు రాశారో ఆ చీటీ ఫొటో తీసి పంపితే, బెండమస్టిన్ ఉందో లేదో చూసి చెబుతాను.